దానిమ్మ ఏడు

ఎర్రమిట్ట, నీటి లైన్ల లాగ్‌బుక్. రాస్తున్నది సలోమి, లైన్ మెకానిక్, పగలు షిఫ్టు.

212వ రోజు. తొట్టి మట్టం 2.10 మీటర్లు.

నిన్నటికంటే తొమ్మిది సెంటీమీటర్లు తక్కువ. ఒక మీటరుకు దిగితే పంపులు నీటికి బదులు గాలి పీలుస్తాయి. ఆ తర్వాత ఎర్రమిట్టలో ఎవరింటి కుళాయి తిప్పినా ఈలే వినిపిస్తుంది.

కారుతున్న చోటు తెలుసు. గిడ్డంగిపేట కింద. కారిన నీరు రాతి సందుల్లోకి దిగి, గడ్డకట్టి, ఉబ్బి, పైనున్న ఇళ్లను ఎత్తేస్తోంది. ఈ ఉదయం ఒకాయన ఇంటి తలుపు బిగుసుకుపోతే గాలిగొట్టంలోంచి పాకి బయటికొచ్చాడు. బయటికొచ్చి నన్ను తిట్టాడు. పద్దెనిమిది కుటుంబాలను బడి హాలుకు మార్చారు.

కంట్రోల్ గదిలో ప్రోగ్రాం ఒక్కటే మాట చెబుతోంది. "దానిమ్మ 7 మూయండి." ఆ వాల్వు ఎక్కడుందో చెప్పదు. పాత ప్రోగ్రాం మార్చి ఇది పెట్టినప్పుడు లైన్ల పటాలు ఇందులోకి ఎక్కించలేదు. ప్రతి వాల్వుకూ పేరు తెలిపే బిళ్ల ఉంది కదా, బిళ్ల చూసి మూసుకుంటారు అనుకున్నారు.

గిడ్డంగిపేట చుట్టూ నలభై గోడపలకలు ఊడదీశాను. పదకొండు వాల్వులు కనిపించాయి. రెండింటికే బిళ్లలున్నాయి. మిగతావాటికి మేకుల రంధ్రాలు మాత్రం మిగిలాయి.

వెంగళరావు గారు నా పై అధికారి. వాల్వుల వంక, నా వంక చూశారు.

"బిళ్లలేమయినయ్?"

"తెలీదు సార్," అన్నాను.

213వ రోజు. 2.01.

తెలుసు. ఎర్రమిట్టలో పుట్టి పెరిగిన ప్రతివాళ్లకీ తెలుసు.

భూమి నుంచి వచ్చి, నేల కింద ఈ ఊరు తవ్వినవాళ్లు తొమ్మిది భాషలవాళ్లట. ఒకరి రాత ఒకరికి రాదు కాబట్టి ఒక్కో లైనుకు ఒక్కో పండు బొమ్మ పెట్టారు. మామిడి, నేరేడు, అరటి, సీతాఫలం, దానిమ్మ, ఇంకా నాలుగు. అరచేయంత ఇనుప బిళ్ల మీద రంగుల ఎనామెల్ పూత, కింద అంకె. బయట చూస్తే ఎర్రదుమ్ము, లోపల చూస్తే బూడిదరంగు గోడ. అలాంటి చోట పలక సందులోంచి పసుపుపచ్చగా ఒక మామిడిపండు కనిపిస్తే ఏ పిల్ల ఊరుకుంటుంది?

నా మొదటి బిళ్ల సీతాఫలం 22. ఏడేళ్లు నాకు. ఒంటినిండా బొడిపెలతో పచ్చగా ముడుచుకు కూర్చున్న జంతువేదో అనుకున్నాను. దానికి పేరు కూడా పెట్టాను. అది తినేదని పదేళ్లకుగానీ తెలియలేదు.

ఇప్పుడు నాకు నలభై ఆరు. నా డబ్బాలో అరవై ఒక్క బిళ్లలున్నాయి. నలుగురిలా పెళ్లికో ఉద్యోగానికో మానేద్దామనుకున్నాను. మానకపోగా ఈ ఉద్యోగంలో చేరాక ఇంకో నాలుగు తీశాను. పలకల తాళం నా చేతికిచ్చి, తియ్యవద్దంటే ఎలా?

వెంగళరావు గారు ఈ పుస్తకం చదవరు. వారానికోసారి చివరి పేజీ కింద సంతకం పెట్టి ఇచ్చేస్తారు. అందుకే ఇక్కడ రాస్తున్నాను.

బిళ్ల లేకపోతేనేం, ఒక్కో వాల్వు మూసి చూడొచ్చు కదా అని బడి హాల్లో ఉన్నవాళ్లు అడుగుతున్నారు. ఇది చలికాలం. కదలని నీరు నలభై నిమిషాల్లో గడ్డకట్టి గొట్టాన్ని చీలుస్తుంది. ఊళ్లో మూడు వందల నలభై వాల్వులు. తప్పు వాల్వు మూసిన ప్రతిసారీ ఒక కొత్త లీకు. ఇదే మాట ఈ రోజు ఇరవైసార్లు చెప్పాను. నా గొంతు పోయింది.

215వ రోజు. 1.82.

ఇల్లిల్లూ తిరిగాను. ఊళ్లో సగం మంది దగ్గర బిళ్లలున్నాయని నాకు తెలుసు. నాకు తెలుసని వాళ్లకీ తెలుసు. అయినా తలుపు సగమే తీసి, "మా ఇంట్లో చిన్నపిల్లలు లేరమ్మా," అన్నారు. లైనుకు చెయ్యి పెడితే నాలుగు నెలలు బయట మంచుతవ్వకం పనికి పంపిస్తారు. ఆ భయం. ఒకావిడ ధైర్యం చేసి లోపలికి పిలిచింది. తలుపు మూసి, చెవిలో అడిగింది.

"నీకాడ నేరేడు 3 ఉందంట. రెండు అరటి ఇస్తా, మారుస్తావా?"

నీళ్లు అయిపోతున్నాయి తల్లీ అన్నాను. సరే, మూడు అరటి ఇస్తానంది.

చివరికి మస్తానమ్మ టీచరు దగ్గరికి వెళ్లాను. బడిలో ముప్ఫై ఒక్కేళ్లు పాఠం చెప్పి రిటైరైంది. బడిలో మా దగ్గర లాక్కున్న బిళ్లలు ఏం చేసిందో ఎవరికీ తెలియదు. మంచం కింద నుంచి రెండు పెట్టెలు లాగి మూతలు తీసింది. పండు వారీగా, అంకెల వరసలో, మధ్యమధ్య గుడ్డముక్కలు పరిచి, అద్దాల్లా తుడిచి ఉన్నాయి.

"బడి వదిలిపోయేనాడు అడిగితే ఇస్తానన్నా. ఒక్కరూ అడగలా," అంది.

"ఎవరి దగ్గర ఎప్పుడు తీసుకున్నారో రాసుకున్నారా టీచరమ్మా?"

"పేరు, తారీఖు, అన్నీ రాసుండా."

"ఏ గోడ నుంచి పీకారో?"

టీచరమ్మ పెట్టె వంక చూసింది. "అది అడగాలని తోచలేదే," అంది.

దానిమ్మలో ఆమె దగ్గర నాలుగున్నాయి. ఏడు లేదు.

"ఏడు ఖాజా దగ్గరుందిగా. ముప్ఫై ఏళ్లుగా చెప్పుకుంటానే ఉండాడు."

217వ రోజు. 1.60.

ఖాజా మొహిద్దీన్ బయటికెళ్లే సూట్లకు అతుకులేసే దర్జీ. బిళ్లలు పోగేసేవాళ్లలో ఆయనది పెద్దపేరు. పాత సూటు గుడ్డతో పుస్తకం కుట్టాడు. పేజీకి ఆరు జేబులు, జేబుకో బిళ్ల. నేను నిన్న రెండుసార్లు వెళ్లాను. "నాకేం తెలవదు," అని పంపేశాడు. రెండుసార్లూ ఆయన భార్య జుబేదా టీ ఇచ్చింది. తాగి వచ్చాను.

ఈ రోజు పేరు బయటికి రానివ్వనని బైబిలు మీద ఒట్టేశాను. అప్పుడు పుస్తకం తెరిచాడు. చివరి పేజీలో ఒక్కటే జేబు. అందులో దానిమ్మ 7.

పండు పగిలి ఉంది. లోపల ఎర్రటి గింజలు వరసగా మెరుస్తున్నాయి. కాసేపు నీళ్ల సంగతి మరిచిపోయాను. నిజం రాయాలి కాబట్టి రాస్తున్నాను.

"పదమూడేళ్లు నాకు," అన్నాడు ఖాజా. "ఆస్పత్రి వెనక గాలిగొట్టంలో పాకతా పోయా. మోచేతులు చీరకపోయినయ్. ఎడం పక్క మూడో పలక. అప్పట్లో అంతదూరం ఎవురూ పోయినోడు లేడు."

జుబేదా టీ గ్లాసులతో గుమ్మంలోకి వచ్చింది. "ఇంకో గలాసు తీసుకురాపో," అన్నాడాయన. గ్లాసులు రెండే కావాలి, రెండూ ఆమె చేతిలోనే ఉన్నాయి. ఆమె అవి కిందపెట్టి లోపలికి వెళ్లింది.

గిడ్డంగిపేటకూ ఆస్పత్రికీ నాలుగు వందల మీటర్లు. లైను అలా చుట్టు తిరిగి ఉండొచ్చు అనుకున్నాను. ఆరు రోజులుగా తిరుగుతున్న మనిషికి ఏదో ఒకటి దొరికితే చాలనిపిస్తుంది.

218వ రోజు. 1.41.

మూశాను. అది దానిమ్మ 7 కాదు.

ముప్పావు గంటకు కాన్పుల వార్డు గోడలో గొట్టం చీలింది. ముగ్గురు బాలింతలను పసిపిల్లలతో సహా మంచాలమీదే వేరే గదికి తోసుకెళ్లారు. మోకాలి లోతు చల్లనీళ్లలో నిలబడి చీలిక అతికేసరికి నా కాళ్లు నావి కాకుండా పోయాయి. గిడ్డంగిపేట లీకు మాత్రం అలాగే ఉంది. తొట్టి ఒక్కరోజులో పంతొమ్మిది సెంటీమీటర్లు దిగింది.

"ఎవరు చెప్పారు నీకు ఆ వాల్వని?" వెంగళరావు గారు అరవలేదు. అరిచి ఉంటే బాగుండేది.

"నేనే అనుకున్నాను సార్."

"అనుకున్నావా? పసిబిడ్డలున్న చోట నీళ్లు ఆపడానికి అనుకుంటే చాలా?"

ఖాజా మీద కోపం వచ్చింది. నా మీద నాకొచ్చిన కోపం దానికంటే ఎక్కువ. పోగేసేవాళ్లు అబద్ధాలాడతారని నాకు తెలియదా? నేరేడు 3 చీకటి సొరంగంలో దొరికిందని నేను పదిమందికి చెప్పుకోలేదా? అది మా ఇంటి స్నానాల గదిలో దొరికింది.

219వ రోజు. 1.29.

మధ్యాహ్నం బడి హాలుకు అందరినీ పిలిచాను. వెంగళరావు గారు ముందు వరసలో కూర్చున్నారు. ఖాజా రాలేదు.

నా డబ్బా బల్ల మీద బోర్లించాను. అరవై ఒక్క బిళ్లలు పడితే ఎంత చప్పుడవుతుందో అప్పుడే తెలిసింది.

"ఇవి నావి. ఇందులో నాలుగు ఈ ఉద్యోగంలో చేరాక తీసినవి," అన్నాను. వెంగళరావు గారి వైపు చూడలేదు. సుద్దముక్క తీసుకుని గోడమీద ఊరి సొరంగాలన్నీ గీశాను. ఒక్కో బిళ్ల ఎత్తి చూపించి, ఎక్కడ పీకానో అక్కడ అంకె వేశాను. నేరేడు 3 దగ్గరికొచ్చేసరికి "మా స్నానాల గది" అన్నాను. ఎవరో నవ్వారు. ఆ నవ్వు మంచి పని చేసింది.

మొదట ఒక ముసలి డ్రైవరు లేచాడు. జేబులోంచి మూడు తీసి, ఎక్కడివో చెప్పాడు. తర్వాత మూడు అరటి ఇస్తానన్న ఆవిడ. ఆ తర్వాత తోసుకున్నారు. నలభై ఏళ్ల నాటి బిళ్ల ఏ పలక వెనక, ఏ చేత్తో, ఎవరు కాపలా ఉండగా తీశారో ఒక్కరూ మరిచిపోలేదు. టీచరమ్మ తన పట్టీ తెచ్చి పేర్లు పిలిచింది. పేరు వినపడినవాళ్లు, మనవలున్నవాళ్లు కూడా, "ప్రెజెంట్ టీచర్," అని లేచి నిలబడి చోటు చెప్పారు.

సాయంత్రానికి గోడమీద నూట ఎనభై ఎనిమిది అంకెలు. దానిమ్మలో ఏడు తప్ప అన్నీ తేలాయి. ఆరు బడి దగ్గర, ఎనిమిది రొట్టెల బట్టీ దగ్గర. వరస ప్రకారం మధ్యలో వెతుకుదామంటే, బిగించిన రోజును బట్టి అంకెలు వేశారుగానీ చోటును బట్టి కాదు.

అందరూ వెళ్లాక వెంగళరావు గారు లేచారు.

"నీ తాళం ఇచ్చెయ్యాలి. తెలుసుగా?"

"తెలుసు సార్."

"ఇప్పుడొద్దు. ముందు ఆ ఏడు మూసిరా."

220వ రోజు. ఉదయం 1.17.

పొద్దున్నే ఖాజా ఇంటికి వెళ్లాను. ఈసారి కూర్చోలేదు.

"బాలింతలను నీళ్లలోంచి మంచాలతో తోసుకెళ్లారు ఖాజాన్నా. నిజం చెప్పు. ఎక్కడ తీశావు?"

"చెప్పాగా. ఆస్పత్రి..."

"అక్కడ లేదు!"

కుట్టుమిషను మీద చేతులు పెట్టుకుని తల దించుకున్నాడు. అరవై ఏళ్ల మనిషి. "నేను తియ్యలా," అన్నాడు.

"మరెవరు తీశారు?"

మిషను చక్రం తిప్పుతూ కూర్చున్నాడు. నాకు ఏడుపొచ్చింది. ఆ పుస్తకం తీసుకుని గోడకేసి కొట్టాలనిపించింది.

"నేను," అంది జుబేదా వంటింట్లోంచి.

చేతులు తుడుచుకుంటూ వచ్చి నా ఎదురుగా నిలబడింది.

"ఎనిమిదేళ్లు నాకు. మాయమ్మ పాత లాండ్రీలో బట్టలుతికేది. నన్ను మూడో డ్రమ్ము వెనకాల కూచోబెట్టేది, వెచ్చగా ఉంటదని. ఆడ నేలకానుకొని చిన్న పలకుంటది. వేళ్లు పెట్టి లాగితే ఊడొచ్చింది. లోపల ఎర్రగా ఇది. పగిలిన నోరు, నోటినిండా ఎర్రటి పళ్లు అనుకున్నా. బయంతో ఏడ్చా. మర్నాడు పోయి పీక్కొచ్చా."

"మరి ఈయన దగ్గరికి..."

"పెళ్లి కుదిరినప్పుడు నేనే ఇచ్చా. నాకాడ ఉన్నదాంట్లో మంచిది అదే. పెళ్లామిచ్చిందని చెప్తే నలుగురూ నవ్వుతారని ఆస్పత్రి కత అల్లాడు. సరే, ఏదో సంబరపడతండాడులే అని ఊరుకున్నా." భర్త వైపు ఒక చూపు చూసి మళ్లీ నా వైపు తిరిగింది. "నీకు ఆస్పత్రని చెప్పినట్టు నిన్ననే తెలిసింది నాకు. పోయి నిజం చెప్పిరమ్మని నిన్నటి నుంచీ తిడతానే ఉండా. పోతా పోతా అంటాడు, కదలడు."

"నువ్వన్నా నాకు చెప్పకపోయావా అక్కా?"

"ఈ పొద్దు నువ్వు రాకుంటే నేనే వచ్చేదాన్ని. కానీ సలోమీ, ఒకమాట అడగతా. మూడుసార్లొచ్చావు. మూడుసార్లు నా చేతి టీ తాగావు. ఎక్కడ తీశావని ఆయన్నే అడిగావు. నీకేమన్నా తెలుసా అని నన్ను ఒక్కసారన్నా అడిగావా?"

అడగలేదు. ఆడదాన్నయ్యుండి, ఏడేళ్ల నుంచీ పలకల వెనక దూరినదాన్నయ్యుండి, అడగాలని నాకు తోచలేదు.

"పద," అంది ఆమె. చెప్పులేసుకుంది. పుస్తకం చివరి జేబులోంచి బిళ్ల తీసి కొంగున ముడేసుకుంది. ఖాజా అడ్డు చెప్పలేదు.

పాత లాండ్రీ మూతబడి పదేళ్లయింది. మూడో డ్రమ్ము అలాగే ఉంది. దాని వెనక సందు ఎనిమిదేళ్ల పిల్లకు సరిపోతుందిగానీ మా ఇద్దరిలో ఎవరికీ సరిపోదు. డ్రమ్ము బోల్టులు తుప్పు పట్టాయి. రెండు విరగ్గొట్టాను, నాలుగు కోశాను. రెండున్నర గంటలు. జుబేదా పక్కన కూర్చుని దీపం పట్టుకుంది. ఒక్కసారి కూడా "అయిందా?" అనలేదు. ఈ తొమ్మిది రోజుల్లో ఆ మాట అడగని మనిషి ఆమె ఒక్కతే.

పలక తీస్తే వాల్వు. బిళ్ల పెట్టి చూశాం. మేకుల రంధ్రాలు కుదిరాయి. ఏ బిళ్లయినా ఏ వాల్వుకైనా కుదురుతుంది, అదే కదా నా ఖర్మ. అప్పుడు జుబేదా వేలితో చూపించింది. బిళ్ల కుడి మూల ఎనామెల్ పెచ్చు లేచిపోయి ఉంది. వాల్వు మీద మిగిలిపోయిన మేకు తల కింద, గోరంత, ఎర్రటి పెచ్చు.

ముప్ఫై ఒక్క చుట్లు తిప్పాను. చివరి రెండు చుట్లకు ఆమె కూడా పానా పట్టుకుంది.

సాయంత్రం 1.08.

221వ రోజు. ఉదయం 1.08. సాయంత్రం 1.08.

ఒకే అంకె మూడోసారి రాస్తున్నాను. ఇంకోసారి రాయమన్నా రాస్తాను. 1.08.

226వ రోజు. 1.37.

మంచుబావి నుంచి నీరు వస్తోంది, తొట్టి నెమ్మదిగా నిండుతోంది. గిడ్డంగిపేట ఇళ్లు ఎప్పటికి కిందికి దిగుతాయో తెలియదు. ఎప్పుడని అక్కడివాళ్లు రోజూ నన్నే అడుగుతున్నారు.

తాళం ఇచ్చేశాను. అందరి బిళ్లలూ జమ చేసుకున్నారు, అవి తిరిగి వాల్వులకు ఎక్కించాలి. ఆ పనికి నాలుగు నెలలు నన్ను కూలీగా వేశారు. మిగతావాళ్లకు శిక్ష లేదు, చోటు చెప్పారు కాబట్టి. న్యాయమే. న్యాయమైనా మండుతోంది. టిఫిను పెట్టుకునే అరలో ఖాళీ డబ్బా ఉంది. చెయ్యి అలవాటుగా దాని మీదికి పోయి, తేలిగ్గా లేచొస్తే నాకు ఒళ్లు మండుతుంది.

తాళం ఎవరికిచ్చారంటే, జుబేదాకు. ఖాజా పుస్తకంలోని నూట నలభైలో యాభై రెండు ఆమెవేనట. ఒక్కోదాని చోటూ చెప్పింది. పెళ్లితో ఎందుకు మానేశావని అడిగాను. ఈసారి అడిగాను.

"కోడలు గోడల్లో దూరతానంటే ఏ అత్త ఒప్పుకుంటది?" అంది.

ఈ పుస్తకం వెంగళరావు గారి దగ్గర్నుంచి తిరిగొచ్చింది. 212 నుంచి ప్రతి పేజీ కిందా పొట్టి సంతకం. 213 దగ్గర ఒక వాక్యం: "ఇకమీదట చదువుతాను."

241వ రోజు. 1.94.

ఈ రోజు పదిహేడు బిళ్లలు బిగించాం. తాళం తీసేది జుబేదా, మేకులు కొట్టేది నేను. కొన్ని రంధ్రాలు పెద్దవైపోయి మేకు నిలవదు. కొన్నిచోట్ల గోడకు రెండుసార్లు రంగేసి పలక ఎక్కడుందో తెలియకుండా చేశారు. చేతులు బొబ్బలెక్కాయి. ఈ పని నాలుగు నెలల్లో అవదని చెప్పాను. ఎవరూ వినలేదు.

మధ్యాహ్నం పాత పంపుగది వెనక, ఎవరి లెక్కలోనూ లేని ఒక పలక జుబేదా కంటపడింది. మరలు ఎప్పుడూ విప్పినట్టు లేవు. తీశాం. లోపల చిన్న వాల్వు. దానికి బిళ్ల.

మామిడి కాదు, నేరేడు కాదు. తొమ్మిదింటిలో ఏదీ కాదు. గోధుమరంగులో వంకరగా, కణుపులు కణుపులుగా ఉంది. కింద 3.

"ఏందిది? పామా?" అంది జుబేదా.

"చింతకాయ అనుకుంటా అక్కా. మా నాయనమ్మ దగ్గర ఒక చీర మీద ఉండేది."

పదో లైను ఉందని ఎర్రమిట్టలో ఎవరికీ తెలియదు. చింతకాయ 1, 2 కూడా ఎక్కడో ఉండే ఉంటాయి. ఇద్దరం నేలమీద కూర్చుని దాన్నే చూశాం. సొరంగంలో ఎవరూ లేరు. నా చేతిలో స్క్రూడ్రైవరు ఉంది. ఆమె నా చేతి వంక చూసింది. నేను ఆమె చేతి వంక చూశాను. అదీ ఖాళీగా లేదు, మేకులు పీకే పట్టకారు ఉంది.

చివరికి ఆమె పట్టకారు కింద పెట్టి, కొంగుతో బిళ్ల మీది దుమ్ము తుడిచింది. కణుపుల మధ్య సందుల్లో కూడా గోటితో గీసి తుడిచింది.

"రాసుకో," అంది.

చింతకాయ 3. పాత పంపుగది వెనక గోడ, నేల నుంచి రెండో వరస, కుడి నుంచి నాలుగో పలక. చూసినవాళ్లు జుబేదా, సలోమి. ఉన్నచోటే ఉంది.